సర్కారు

మా సిద్దిపేట అంగడిలో ఒక గంటసేపు నిలుచుండి వినువారికి "సర్కారు" అను మాట పదిసారులైనను చెవిని బడకపోదు. సర్కారు బడి, సర్కారు దవాఖాన, సర్కారు నౌకరి, సర్కారు జాగా, సర్కారు తుమ్మ. మాట యొక్కటియే, దాని వెల మాత్రము ప్రక్కనున్న మాటను బట్టి మారుచుండును. నౌకరికి ముందు నిలిచినచో అది బంగారము. పిల్లనిచ్చు మామ మొగము వికసించును. బడికి ముందు నిలిచినచో అదే మాట చిన్నతనమగును. "మావాడు సర్కారు బడికే పోతున్నడు" అని చెప్పు తండ్రి గొంతు ఒక మెట్టు దిగును. జాగాకు ముందు నిలిచినచో దానికి యజమాని లేడని యర్థము. రాత్రికి రాత్రి కంచె వేసికొనుట కది ఆహ్వానమని కొందరి వ్యాఖ్యానము. సంస్కృత నిఘంటువులలో "హరి" శబ్దమునకు అర్థము లనేకములు కలవు గాని, అవి యిట్లు తమలో తాము కలహించుకొనునవి కావు.

ఈ మాట యెక్కడిది, ఎవరి వెంట వచ్చినది, ఏ యే వేషములు వేసినది యని విచారించుట బడిపంతుళ్ల కాలక్షేపము మాత్రమే యని మేము తలంపము. తమ్ము నేలువారిని జనులు ఏ పేర బిలుతురో ఆ పేరిలోనే వారి భయభక్తులును, వారి యాశలును, వారి కోపమును దాగియుండును.

మాట పుట్టుక పారసీకమున. "సర్" అనగా తల. "కార్" అనగా పని. రెండును గూడి పనికి తలయైనవానిని, అనగా కార్యాధిపతిని, దెలుపును. తలతో జేయు పని యని యర్థము చెప్పికొనరాదు. చాలమంది సర్కారు ఉద్యోగులను జూచినవా రెవ్వరును ఆ పొరపాటు చేయరు. ఈ "సర్" మన "శిరస్సు"నకును, ఈ "కార్" మన "కార", "కార్య" శబ్దములకును తోబుట్టువులు. ఇంతమాత్రమున మా పండితమిత్రులు కొందరు సంబరపడి, సర్కారు సంస్కృతమునుండియే పుట్టినదని తేల్చివేయుదురు. తోబుట్టువు వేరు, బిడ్డ వేరు. ఒకే పూర్వభాషనుండి రెండు శాఖలు చీలి, ఒకటి ఇరానుననుండి యొకటి హిందూదేశముననుండి పెరిగి, వేలకొలది యేండ్లకు దక్కను మీద మరల గలిసికొన్నవి. ఆ తలయే సర్దారులోను, సర్హద్దులోను గలదు. మన గ్రామ సర్పంచి మాటలో ఆ పారసీకపు తల మన దేశపు పంచాయతీ మొండెము మీద గూర్చున్నది. ఆ పనియే కార్ఖానాలోను, కారుకూనులోను గలదు. ఇన్ని మాటలను దినదినము వాడుచు, అవి పరాయివని యెఱుగకయే మన తల్లులు వంటయింట మాటలాడుకొనుచున్నారు. భాషకు పరిశుద్ధి కావలెనని పోరువారు ముందుగా తమ యింటి గోడలోని "దర్వాజ"ను దీసివేసి, ఎటునుండి బయటికి బోవుదురో మాకు జూపవలెను.

అధికారి పేరు క్రమముగా అతని క్రింది నేలకు అంటుకొనెను. 1540 మొదలు 1545 వఱకు ఢిల్లీ నేలిన షేర్షా తన రాజ్యమును సర్కారులుగాను, సర్కారులను పరగణాలుగాను విభజించి పాలించెను. 1580లో అక్బరు రాజ్యమును సుబాలుగా నేర్పఱచినప్పుడు, సుబాకు క్రింద సర్కారు, సర్కారునకు క్రింద పరగణా యను వరుస స్థిరపడెను. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలిచిన పిమ్మట ఈ లెక్కయే తెలుగునేల మీదికి వచ్చెను. హైదరాబాదు సుబాలోని సర్కారులలో మెదకు ఒకటి, ఎలగందుల యొకటి, భువనగిరి యొకటి, వరంగల్లు ఒకటి. అనగా నేడు మేము నివసించు నేల చుట్టును నాడు అన్నియు సర్కారులే. అయినను ఆ పేరు మాకు నిలువలేదు, తూర్పుతీరమువారికి నిలిచెను. ఎందుచేత ననగా వారి సర్కారులు చేతులు మారినవి. అమ్ముడుపోయిన వస్తువునకే చీటి యంటియుండుట లోకములో సహజము.

ఆ చేతులు మారిన కథ మన పిల్లలు రెండు వాక్యములలో వల్లించి మఱచిపోవుదురు గాని, అది తీరికగా చెప్పుకొనదగినది. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అను నైదు సర్కారులలో గుంటూరు దక్క తక్కిన నాలుగింటిని 1753లో సలాబతుజంగు ఫ్రెంచివారి బుస్సీకి, అతని సైన్యముల ఖర్చుకై, అప్పగించెను. ఆ సైన్యములు సలాబతుజంగును సింహాసనము మీద నిలువబెట్టుటకే గనుక, తన కుర్చీ కాళ్లకు గోదావరీ కృష్ణల పంటనేలలను ఆయన అద్దెగా చెల్లించెనన్నమాట. 1758 డిసెంబరులో చందుర్తి కడ ఫ్రెంచివారు ఓడిరి. మరుసటి యేప్రిలులో మచిలీపట్నము ఇంగ్లీషువారి వశమాయెను. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషా చేత ఫర్మానా వ్రాయించుకొనెను. ఆ పాదుషా యధికారము సర్కారులలో నెన్నడో నామమాత్రమై పోయినది. లేనివాడు ఇచ్చిన దానపత్రమునకు బలము చాలదని గాబోలు, 1766 నవంబరులో నిజామలీతో మఱియొక యొడంబడిక చేసికొనిరి. దుబాసి కాండ్రేగుల జోగిపంతులు నడుమ నుండి ఆ బేరమును గుదిర్చెను. ఏటేట 9 లక్షల రూపాయలు చెల్లించునట్లు కుంఫిణీవారు ఒప్పుకొనిరి. గుంటూరు మాత్రము నిజాము తమ్ముడు బసాలతుజంగు జీవించియున్నంతకాల మాతనిది. తుదకు 1788లో అదియు వారిదే. 1823లో ఒక్కసారిగా కొంత మొత్తమిచ్చి, ఆ యేటి పేష్కషు ఋణమును సైతము వారు కడుగుకొనిరి. ఈ డెబ్బదియేండ్ల బేరములో ఏ పత్రము మీదను ఆ నేల దున్నువాని వ్రేలిముద్ర లేదు.

ఏలికలు పోయిరి, పరగణాలు పోయెను, సుబాలు పోయెను; "సర్కారు జిల్లాలు" అను పేరు మాత్రము మిగిలెను. 1800లో నిజాము కుంఫిణీవారి కిచ్చివేసిన కడప కర్నూలు ప్రాంతములను "దత్తమండలములు" అని పిలుచుచుండగా, అట్టి పేరు తమకు అవమానమని యచటివారు తలంచిరి. 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో చిలుకూరి నారాయణరావుగారు "రాయలసీమ" యను పేరును ప్రతిపాదించిరి. ఎంత చక్కని మార్పు! ఇచ్చివేయబడిన సీమ ఒక్కనాటిలో రాయల సీమ యాయెను. సర్కారువారికి అట్టి తలంపు కలిగినట్లు లేదు. 1937లో కాశీనాథుని నాగేశ్వరరావుగారి యింట శ్రీబాగు ఒడంబడిక జరిగినప్పుడును ఒక వైపు రాయలసీమ, ఒక వైపు సర్కారులు. తరువాత "కోస్తా" యను మఱియొక విదేశపుమాట వచ్చి దాని చోటు నాక్రమించెను. కాకినాడకు బోవు సర్కారు ఎక్స్‌ప్రెస్సు రైలు మీద తప్ప, ఆ పాత పేరును నేటి యువకులు చదువుట యరుదు.

ఇదే మాట వంగదేశమున వేసిన వేషము మఱింత వింతగా నున్నది. యూలు, బర్నెలు అను నిద్దరు పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువు, ఈ మాటకు ప్రభుత్వమనియు, యజమాని యనియు అర్థములు చెప్పి, వంగదేశమున దొరల యిండ్లలో ఖర్చులెక్క వ్రాయుచు, సరకులు కొని తెచ్చు గుమాస్తాకు కూడ నిదే పేరని చెప్పుచున్నది. ఒకే పట్టణమున, ఒకే కాలమున, దేశమునేలు కుంఫిణీ సర్కారే. ఆ కుంఫిణీ దొరగారికి కూరగాయలు కొనిపెట్టి అణాలు పైసలు లెక్క చెప్పువాడును సర్కారే. మొగలుల నాటి ఉద్యోగములవలన వచ్చిన యింటిపేరుగా "సర్కార్" వంగీయులలో నేటికిని గలదు. మొగలు చరిత్రను జీవితమంతయు పరిశోధించిన యదునాథ సర్కారుగారు ఆ పేరివారే. మా దృష్టిలో ఆ గుమాస్తా యర్థమే ఈ మాటకు గల యర్థములన్నిటిలో నుత్తమము. లెక్క చెప్పవలసినవాడు సర్కారు. ఆ యర్థము నిఘంటువులో నుండిపోయినది గాని రాజ్యాంగవ్యవహారములోనికి వచ్చుటకు చాల యాలస్యమాయెను.

ఇక మా తెలంగాణమునకు వత్తము. ఇచట సర్కారు నేల పేరు కాదు, ఏలిక పేరు. నిజాము ప్రభుత్వము కాగితముల మీద "సర్కారె ఆలీ", అనగా ఉన్నతమైన సర్కారు. అయితే పల్లెలోనివానికి ఆ సర్కారు కనబడుట యెట్లు? రాజ్యములో సుమారు పదింట ఆరువంతులు దివానీ. ఒక వంతు నిజాముగారి సొంత ఖర్చులకై కేటాయించిన సర్ఫెఖాసు. తక్కినది జాగీర్దారులది, పాయెగాలది, సంస్థానాధీశులది. ఒక యూరివాడు పొలిమేర దాటి పొరుగూరు పోయినచో సర్కారు మారెడిది. ఆతని కన్నుల యెదుట నిలుచు సర్కారు పటేలు, పట్వారీ. వారి మీద గిర్దావరు. వాని మీద తహశీలుదారు. "సర్కారు వచ్చె" ననగా నిజాము వచ్చెనని కాదు, గిర్దావరు దౌరా వచ్చెనని.

దౌరా వచ్చిన సర్కారునకు కావలసిన వెన్నియో! గుఱ్ఱమునకు గడ్డి, పొయ్యికి కట్టెలు, కూరకు కోడి, నీళ్లకు కుండలు, సామానునకు బండి, బండికి ముందు పరుగెత్తుటకు మనిషి. కుమ్మరివాని కుండకు వెల లేదు, బండివాని యెద్దులకు కూలి లేదు, మాదిగవాని పరుగునకు గంజియు లేదు. అది "సర్కారీ పని". ఈ రెండు మాటలు చెవిని బడినంతనే, కల్లములో సగము తూర్పార బట్టిన ధాన్యమును విడిచి లేచిపోవలసి వచ్చెడిదని మా చిన్ననాట వృద్ధులు చెప్పగా విన్నాము. చెప్పునపుడు వారి గొంతులో కోపముకంటె సిగ్గెక్కువగా నుండెడిది. అదియే మమ్ము నేటికిని బాధించుచున్నది. మఱియు, ఒకసారి పలికినచో వెట్టి పుట్టించు మాట యొకటి దొరకిన పిదప, దానిని సర్కారు ఉద్యోగులు మాత్రమే యేల వాడుకొందురు? దొరలును వాడుకొనిరి. గడీలో పెండ్లియైనను సర్కారీ పనియే, గడీ గోడకు సున్నమైనను సర్కారీ పనియే.

1921లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగువారు స్థాపించిన ఆంధ్రజనసంఘమును, దాని వెనుక వచ్చిన ఆంధ్రమహాసభయు ఈ వెట్టిని ఖండించుచు చేసిన ప్రచారము చిన్నది కాదు. ఆ మహాసభ మొదటి సమావేశము 1930లో నాటి మా మెదకు జిల్లా జోగిపేటలోనే సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగెను. సభ జరుపుకొనుటకు "గస్తీ నిషాన్ 53" అను ఉత్తర్వు ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను. సర్కారును గూర్చి నాలుగు మాటలాడుటకు సర్కారునే యడుగవలెనన్నమాట. అయినను అడిగిరి, ఆడిరి. వారు గెలిచిరా యని ప్రశ్నించువారికి మేము 1949వ సంవత్సరమును జూపుదుము. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము లొంగిపోయిన పిమ్మట, 1949లో సర్ఫెఖాసు దివానీలో గలిసిపోయెను; ఆ యాగస్టులోనే జాగీర్లు రద్దాయెను. 1952లో ఎన్నికలు జరిగి, ఓట్లు పొందినవారి సర్కారు హైదరాబాదులో గూర్చుండెను. పల్లెలో మాట మాత్రము మారలేదు. నిన్న వెట్టికి బిలిచినదియు సర్కారే, నేడు ఓటడిగి వచ్చినదియు సర్కారే.

ఏలుబడి యమ్మకమునకు దిగినప్పుడు ఈ మాట పాడనుగూడ పాడును. వేలము వేయుచోట "సర్కారువారి పాట" యని కేకవేయుట మన మందఱము విన్నదే. శ్రుతి లయలు లేకున్నను రొక్కము రాల్చు పాట యది. చెఱువులో చేపలకు పాట, చింతచెట్ల కాయకు పాట, కల్లునకు పాట, సారాకు పాట. సారాపాట వలన ఖజానా నిండుచుండెను, కుండలు నిండుకొనుచుండెను. 1980ల దశకములో ప్రభుత్వమే వారుణివాహిని యను పేర సారాను పొట్లములలో బోసి ఊరూర నమ్మించెను. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమునకు అడ్డుపడుటయు, 1992లో ఆ యుద్యమము జిల్లా యంతటను ప్రాకి, వేలములు జరుగనీయక మరల మరల వాయిదా వేయించుటయు మనము చూచినదే. 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమాయెను. సర్కారువారి పాటను మధ్యలో నాపించినవారు, అ ఆ లు దిద్దుకొనుచున్న కూలితల్లులు. తరువాత మద్యనిషేధపు గతి యేమైనదో పాఠకు లెఱుగుదురు. దాని కిది చోటు కాదు.

"ఇంత కళంకము మోసిన మాటను విడిచి, ప్రభుత్వమని యనరాదా?" యని సంస్కరణాభిమానులైన మిత్రు లడుగుదురు. వ్రాతలో అనుచునేయున్నాము. కాని ఆ మాటనుగూడ కొంచెము విప్పి చూడవలెను. ప్రభువు యొక్క భావము ప్రభుత్వము. అనగా, ఓటువేసి యెన్నుకొన్నవారికి మనము పెట్టిన శుద్ధమైన పేరులో సైతము ప్రభువు కాళ్లు బారజాపి కూర్చునియే యున్నాడు. తెల్లవారి నాడు వాడిన "దొరతనము" సంగతి చెప్పనేల! ఆ మాట కోస్తాలో తెల్లవానిని, మా యొద్ద గడీని జ్ఞప్తికి దెచ్చును. ఇంగ్లీషువారి "గవర్నమెంటు" పుట్టుక మాత్రము వినసొంపుగా నున్నది. గ్రీకుభాషలో ఓడ చుక్కాని పట్టుటయను క్రియ దానికి మూలము. మన సంస్కృతపు "కర్ణధారు"డే యతడు. పేరు కర్ణధారుడే యైనను ఆ యోడలోనే మన పత్తి, మన నీలిమందు దాటిపోయెనని తలచుకొన్నచో, మాట పుట్టుకకును దాని నడతకును సంబంధము తక్కువయని తెలియును.

నేపాళ దేశమున రాజును "సర్కార్" అని సంబోధించుచుండిరి. రాజుగారి ప్రభుత్వమునకు "శ్రీ 5కో సర్కార్" అని పేరు. 2006 మే నెలలో అచటి ప్రతినిధిసభ రాజు నధికారమునుండి తొలగించినప్పుడు, "శ్రీ 5"ను గొట్టివేసి "నేపాల్ సర్కార్" అని యుంచుకొనిరి. సర్కారును పాఱవేయలేదు. వారు చేసినది మాకు నచ్చినది. మాటకు ముందు గూర్చున్న బిరుదును దింపివేసి, మాటను తమ యింటనే యుంచుకొనిరి.

మా వృత్తి బడిపంతులు గనుక బడి మాట చెప్పక తప్పదు. ఒకనాడు కూరగాయల యంగడిలో నొక తండ్రి మమ్మాపి, కొడుకును ఏ బడిలో వేయుదునని యడిగెను. మా బడిలోనే వేయుమంటిమి. అతడు కొంత సంకోచించి, "సర్కారు బడిల చదివితే సర్కారు నౌకరి యెట్లొస్తది సారూ?" అనెను. అంగడిలోని నలుగురును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్న యింటివఱకు మా వెంట వచ్చెను. ఆ నౌకరికి పరీక్ష పెట్టునది సర్కారు. ఆ పరీక్షకై పట్టభద్రులైన యువకులు కోచింగు కేంద్రములలో రాత్రులు మేల్కాంచి చదువునవి మఱల ఆరవ తరగతి మొదలు సర్కారు అచ్చువేసిన పాఠ్యపుస్తకములే. అతని కుమారునికి ఊరక దొరకుచున్న పుస్తకమును పదేండ్ల తరువాత రుసుము చెల్లించి చదువుటకు ఆ తండ్రి యిప్పుడే సిద్ధపడుచున్నాడు.

ఇంకొక చిత్రము గలదు. 1971లో పి.వి. నరసింహారావుగారి కాలమున నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో స్థాపించిన గురుకుల పాఠశాలయు సర్కారుదే. దాని వెనుక వచ్చిన గురుకులములన్నియు సర్కారువే. వానిలో సీటునకు పిల్లలు పోటీపరీక్ష వ్రాయుదురు. కాని వానిని "సర్కారు బడి" యని యెవ్వరు నందురు? గురుకులమందురు. పెట్టుబడి యొక్కటే, ఉపాధ్యాయుల చదువొక్కటే. గౌరవము మాత్రము సంస్కృతపు పేరు ధరించినదానికి. సంస్కృతము చదివినవారము గనుక సంతోషింపవలసినదే గాని, సంతోషింపలేకున్నాము. మా పట్టణములోని ఇందిరానగరు జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాల యే సంస్కృతపు పేరును ధరింపలేదు. అయినను దానిలో చేర్పులకై తలిదండ్రులు బారులు దీరిరనియు, సీట్లు లేవని బోర్డు పెట్టవలసి వచ్చెననియు ఇటీవలి సంవత్సరములలో పత్రికలు వ్రాసినవి. పాఠము బాగుగా సాగుచోట పేరు అడ్డు రాలేదు.

చివరకు సర్కారు తుమ్మ. ఇది మన దేశపు చెట్టు కాదు, అమెరికాఖండమునుండి వచ్చినది. 1870ల దశకములో మద్రాసు అటవీశాఖవారు వంటచెఱకు కొఱతను దీర్పనెంచి దీని విత్తులను దెప్పించి కడప ప్రాంతమున నాటించిరి. సర్కారు తెచ్చినది గనుక సర్కారు తుమ్మ. అరవవారు దీనినే సీమతుమ్మ యనుచున్నారు. నీరు లేకున్నను బ్రతుకును, కొట్టినకొలది చిగుర్చును, చెఱువు శిఖముల నాక్రమించును. దాని నీడను పచ్చిగడ్డి మొలవనీయదు. పేరు పెట్టిన పల్లెవాడు నిఘంటుకారులందఱికంటె తెలివిగలవాడని మా యభిప్రాయము.

మా బడి వెనుక ఆటస్థలమును గూడ నది కప్పివేసెను. పిల్లలు ముండ్లు గ్రుచ్చుకొని యేడ్చుచుండగా, మొన్నటి వేసవిలో నొక యాదివారము తలిదండ్రులు పదునైదుగురు గొడ్డళ్లతో వచ్చిరి. వారిలో ఒక ముదుసలి, మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినది, చెట్టు మొదట నిలుచుండి, "సర్కారుది గద సారూ, కొడితే జుర్మానా పడదా?" అని యడిగెను. పడదని చెప్పితిమి. నమ్మలేదు. ప్రధానోపాధ్యాయులు వచ్చి చెప్పిన తరువాతగాని ఆమె కొడుకు గొడ్డలి యెత్తలేదు. సాయంకాలమునకు స్థలము చదునాయెను. నఱికిన కట్టెలలో ఒక మోపు ఆమె కట్టించుకొని పోయెను. ఆ తుమ్మ బాగుగా మండునని, ఆ వారమంతయు దానితోనే రొట్టెలు కాల్చితిమని, మనుమరాలు సోమవారము తరగతిలో చెప్పెను.